వర్జిన్ ఐలాండ్స్‌లో వారం రోజులు పడవ మీద: ముందు వీసా స్టాంపు, తర్వాతే దీవుల పేర్లు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డాలస్‌లో రెండు కుటుంబాలు, నలుగురు పెద్దలు, ముగ్గురు పిల్లలు, అందులో చిన్నదానికి ఆరేళ్లు. ఫిబ్రవరి చివర్లో బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో (బీవీఐ) కాటమరాన్, అంటే రెండు పొట్టల తెరచాప పడవ, అద్దెకు తీసుకుని వారం రోజులు మీరే నడుపుకోవాలని ఆలోచన. మీవారు లేక్ లూయిస్‌విల్‌లో ఏఎస్ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్) వారి 101 కోర్సు పూర్తి చేశారు. పెద్దవాళ్లలో ఇద్దరికి ఈత రాదు, ఒకరు పూర్తి శాకాహారి. ఏడు రోజులకు ఎనిమిది దీవులు రాసి, సరిపోతుందా అన్నారు.

ఉత్సాహం బాగుంది గానీ వరస తలకిందులుగా ఉంది. దీవుల పేర్లు ఆఖర్న రాసుకోవాల్సినవి. మొదట పాస్‌పోర్టులు, తర్వాత పడవ నడిపేదెవరు, ఆ తర్వాత ఎలాంటి పడవ, గాలి ఎటునుంచి. ఇవి తేలాక దీవుల్లో సగం వాటంతటవే రాలిపోతాయి.

బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ అమెరికా కాదు. పక్కనే ఉన్న సెయింట్ థామస్, సెయింట్ జాన్ అమెరికావి, మధ్యలో ఉన్నది కొన్ని మైళ్ల నీళ్లే. అటు వెళ్లినా డాలర్లే, ఇంగ్లిషే. అందుకే చాలామందికి దేశం దాటుతున్నామన్న ధ్యాసే ఉండదు. మీలో ఎవరైనా హెచ్-1బి మీదో హెచ్-4 మీదో ఉండి, పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిపోయి, ఐ-797 ఆమోద కాగితంతో నెట్టుకొస్తుంటే వాళ్లు ఈ ప్రయాణం పెట్టుకోకూడదు. కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల లోపు తిరిగొస్తే పాత స్టాంపుతోనే రానిచ్చే వెసులుబాటు ఒకటుంది కదా, దాన్ని నమ్ముకుని బయల్దేరేవాళ్లు ఉన్నారు. కరీబియన్ దీవుల విషయంలో ఆ వెసులుబాటు ఎఫ్, జె (విద్యార్థి, ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకే గానీ హెచ్ వీసాలకు లేదు. తిరిగొచ్చేటప్పుడు సెయింట్ థామస్ ఫెర్రీ దగ్గరే అమెరికా ఇమ్మిగ్రేషన్ ఉంటుంది, మయామీ దాకా ఆగదు.

ఇక అటువైపు దిగడానికి భారత పాస్‌పోర్టు మీద వీసా కావాలా వద్దా అన్నది మీ చేతిలో ఉన్న అమెరికా పత్రాన్ని బట్టి ఉంటుంది. ఒక్కొక్కరి వివరాలు విడివిడిగా రాసి బీవీఐ ఇమ్మిగ్రేషన్ డిపార్ట్‌మెంట్‌కే మెయిల్ పెట్టండి, జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. పడవ అద్దెకిచ్చే చార్టర్ కంపెనీ బుకింగ్ ఏజెంటు "ఏం ఫర్వాలేదు" అంటే సంతోషించండి గానీ టికెట్లు కొనకండి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర మీ పక్కన ఆ ఏజెంటు ఉండరు.

స్టాంపు లేనివాళ్లు ఉన్నారనుకుందాం. అప్పుడు అమెరికా వైపే ఉండిపోవచ్చు. సెయింట్ జాన్‌లో సగానికి పైగా 1956 నుంచి నేషనల్ పార్కు. మాహో బే, ఫ్రాన్సిస్ బే, ట్రంక్ బే లాంటి తీరాలు ఎందులోనూ తీసిపోవు. పాస్‌పోర్టులు, ఐ-94 మాత్రం తీసుకెళ్లాలి, సెయింట్ థామస్ విమానాశ్రయంలో ఎక్కేముందే చూస్తారు. ఒక చిక్కుంది. అక్కడ సిబ్బందితో సహా అద్దెకిచ్చే మామూలు పడవల్లో ప్రయాణికుల పరిమితి ఆరుగురు. మీరు ఏడుగురు. బుక్ చేసే ముందు ఈ మాట అడగండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, నడిపేదెవరు? బీవీఐలో చట్టం మిమ్మల్ని సర్టిఫికెట్ అడగదు, కంపెనీ మీ అనుభవం రాసిన కాగితం అడుగుతుంది. ఎంత పొడవు పడవ, ఎక్కడ, ఎన్ని రోజులు, కెప్టెన్‌గానా సహాయంగానా అని. మీవారు చేసిన 101 పగటిపూట, తేలికపాటి గాలిలో, చిన్న కీల్‌బోట్ నడిపే మొదటి మెట్టు. దాని తర్వాత 103, ఆపైన అద్దె పడవ నడపడానికి 104, కాటమరాన్ కోసం ప్రత్యేకంగా 114 ఉన్నాయి. చెరువులో 22 అడుగుల పడవ తిప్పడం వేరు. 45 అడుగుల పొడవు, దాదాపు 25 అడుగుల వెడల్పు ఉన్నదాన్ని 18 నాట్ల (గంటకు దాదాపు 33 కిలోమీటర్ల) పక్కగాలిలో, చుట్టూ నలభై పడవలు కట్టేసి ఉన్న చోట, రెండు ఇంజిన్లతో బోయా (పడవ కట్టుకునే తేలే గుండు) దగ్గరకు మెల్లగా జరపడం వేరు. ఆ క్షణంలో వెనక నుంచి ఆరుగురు ఆరు సలహాలిస్తారు. పెళ్లయి ఎన్నేళ్లయినా సరే, ఆ పూట మాటలుండవు.

జీతానికి పడవ నడిపే స్కిప్పర్‌ని పెట్టుకోండి. రోజుకు సుమారు 250 నుంచి 300 డాలర్లు, పైన అతని తిండి, చివర్లో టిప్పు. ఏడుగురి మీద పంచుకుంటే ఒక్కొక్కరికి రోజూ ఒక భోజనం ఖర్చు. మీవారికి అది చిన్నతనంగా అనిపిస్తే మధ్యేమార్గం ఉంది. మొదటి రెండు మూడు రోజులకే తీసుకుని, నేర్పించమని ముందే చెప్పండి. మీవారి చేత బోయా పట్టించి, తెరచాప కుదింపించి, లంగరు వేయించి, సరేననిపిస్తే స్కిప్పర్ దిగిపోతాడు. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. మీ పరిస్థితిలో నాకైతే వారమంతా ఉంచుకోవడమే ఇష్టం, ఎందుకంటే నడిపేవాడికి అది సెలవు కాదు. రాత్రి గాలి మారితే లేచి చూడాలి, పొద్దున వాతావరణం చదవాలి, రోజంతా మబ్బు మీద ఓ కన్నేసి ఉంచాలి. పిల్లలతో నీళ్లలో ఆడుకునేది ఎప్పుడు?

స్కిప్పర్ అంటే ఒక గది పోతుందని గుర్తుంచుకోండి. నాలుగు గదుల పడవలో రెండు జంటలకు రెండు, పిల్లలకు ఒకటి, అతనికొకటి. కొన్ని కాటమరాన్లలో ముందు కొసన పైకప్పు తలుపులోంచి దిగే ఇరుకు పడక ఉంటుంది, స్కిప్పర్ అక్కడ పడుకుంటాడని అమ్మేవాళ్లు చెప్తారు. అందులో గాలి ఆడదు. మీ ప్రాణాలు చూసుకునే మనిషి నిద్రపోవాలి కదా, మంచి గది ఇవ్వండి.

పడవ విషయంలో మీ ఎంపిక సరైనదే. మోనోహల్, అంటే ఒకే పొట్ట ఉన్న పడవ, గాలికి ఒక పక్కకు ఒరుగుతుంది. నడిపేవాళ్లకు అదే ఆనందం, ఈత రానివాళ్లకు అదే భయం. కాటమరాన్ ఒరగదు, గిన్నె స్టవ్ మీద నిలుస్తుంది, ముందున్న వల మీద పిల్లలు పడుకుని కింద నీళ్లు చూస్తారు. ఫిబ్రవరి గిరాకీ కాలం కాబట్టి 45 అడుగుల దానికి వారానికి 8 నుంచి 14 వేల డాలర్ల దాకా అడుగుతారు. తేడా ఎక్కువగా పడవ వయసులో ఉంటుంది. ఐదేళ్ల పడవకు తగ్గింపు ధర బాగానే ఉంటుంది గానీ జనరేటర్, ఫ్రిజ్, డింగీ (ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ) ఇంజిన్ ఎప్పుడు మార్చారో అడగండి. సెలవు పాడయ్యేది తెరచాప చినిగి కాదు, ఫ్రిజ్ ఆగి.

గాలి గురించి నాలుగు ముక్కలు. ఇక్కడ వాణిజ్య పవనాలు ఏడాది పొడవునా దాదాపు తూర్పు నుంచే వీస్తాయి, ఫిబ్రవరిలో సాధారణంగా 15 నుంచి 20 నాట్లు. క్రిస్మస్ చుట్టూ అవి 25, 30కి పోతాయి, మీరు వెళ్లేసరికి తగ్గుముఖం పడతాయి. తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, దాని జోలికి మీరు పోవడం లేదు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుపాను ఈ దీవులను ఊడ్చిపెట్టింది. అందుకే అంతకుముందు రాసిన గైడు పుస్తకాలు నమ్మకండి, అందులోని హోటళ్లు కొన్ని లేవు, కొన్ని కొత్తగా కట్టినవి.

దీవులు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానెల్‌కు రెండు పక్కలా బారులుగా ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకొకటి కనిపిస్తూనే ఉంటుంది, దారి తప్పడం కష్టం. కాకపోతే తూర్పుకు వెళ్లాలంటే గాలికి ఎదురు. మీ ప్లాన్‌లో వర్జిన్ గోర్డా ఐదో రోజున ఉంది, అంటే అలసిపోయాక ఎదురుగాలి. దాన్ని ముందుకు జరపండి. మొదటి మూడు రోజుల్లో తూర్పు పని ముగిస్తే, మిగతావన్నీ గాలివాటున జారుకుంటూ రావచ్చు.

నేనైతే ఇలా వేస్తాను. టోర్టోలాలోని రోడ్ టౌన్‌లో కంపెనీవాళ్లు పడవ మీకు అప్పగించి, సంగతులన్నీ చెప్పేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. ఆ పూట నార్మన్ దీవికి చాలు, ఆరేడు నాటికల్ మైళ్లు, పక్కగాలి, హాయిగా ఉంటుంది. అక్కడ ద బైట్ అనే లోతైన ఖాతం బాగా కాపు కాస్తుంది. మర్నాడు పొద్దున్నే ది ఇండియన్స్ అనే నాలుగు రాతి శిఖరాల చుట్టూ చేపలు చూడండి. ఎనిమిదింటికి వెళ్తే మీరే ఉంటారు, పదింటికి వెళ్తే మిగతా ప్రపంచం ఉంటుంది. తర్వాత కూపర్ దీవి. దారిలో సాల్ట్ ఐలాండ్ దగ్గర ఆర్ఎంఎస్ రోన్ అనే బ్రిటిష్ మెయిల్ స్టీమర్ మునిగి ఉంది, 1867 అక్టోబరు 29 నాటి తుపానులో వందమందికి పైగా పోయారు. స్కూబా చేసేవాళ్లు దానికోసమే వస్తారు. మీరు పైనుంచి స్నార్కెల్‌తో చూసినా కొంత భాగం కనిపిస్తుంది.

మూడో రోజు వర్జిన్ గోర్డాలో ద బాత్స్. ఇంటి కన్నా పెద్ద గ్రానైటు బండలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, మధ్యలో గుహలు, నడుముల్లోతు నీళ్లు. హైదరాబాద్ రాళ్లు చూసినవాళ్లకు బండలు కొత్త కాదు గానీ వాటి మధ్యలోకి సముద్రం రావడం కొత్తే. అక్కడ నేషనల్ పార్క్స్ ట్రస్ట్ బోయాలు గంటన్నర వరకే, పర్మిట్ ఉండాలి, రాత్రి ఉండనివ్వరు. డింగీని ఒడ్డు దాకా తీసుకెళ్లనివ్వరు. తాడుకు కట్టి మిగతా దూరం ఈదాలి. ఈత రాని మీ ఇద్దరి సమస్య ఇక్కడే వస్తుంది. వాళ్లను స్పానిష్ టౌన్ హార్బర్‌లో దింపితే టాక్సీలో పైనుంచి వెళ్లి నడిచి దిగొచ్చు. లైఫ్‌జాకెట్ వేసి లాక్కెళ్దాం అనుకోవద్దు, అలలున్న రోజు బండల దగ్గర అది ప్రమాదం. ఎర్ర జెండా ఎగురుతుంటే ఈతగాళ్లూ దిగకూడదు.

అక్కణ్ణించి అదే దీవి ఉత్తర కొసన ఉన్న నార్త్ సౌండ్ అనే ఖాతం. రెండు రాత్రులు అక్కడే ఉండండి. పిల్లలకు చదునైన నీళ్లు, పెద్దలకు ఒడ్డున కాళ్లు చాపుకునే చోటు.

అనెగాడా మీ జాబితాలో నక్షత్రం గుర్తుతో ఉంది. నార్త్ సౌండ్ నుంచి పదమూడు పద్నాలుగు మైళ్లు, దీవుల చాటు లేని తెరిపి సముద్రం, అల పక్కనుంచి వస్తుంది. మిగతావన్నీ కొండలైతే ఇదొక్కటే పగడపు సున్నపురాయి పలక, ఎత్తు పది మీటర్లు కూడా లేదు. దగ్గరికొచ్చేదాకా కనపడదు, కనపడ్డప్పుడు ముందు కొబ్బరిచెట్ల తలలు కనిపిస్తాయి. చుట్టూ పద్దెనిమిది మైళ్ల హార్స్‌షూ రీఫ్. ఎన్నో ఓడల్ని మింగింది, దాని మీద లంగరు వేయడం నిషేధం. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, నీటి రంగు చదవగలిగినప్పుడే లోపలికి పోవాలి. స్కిప్పర్ ఉంటేనే, గాలి 20 నాట్ల లోపు ఉంటేనే వెళ్లండి. నార్త్ సౌండ్‌లో ఆ ముందు సాయంత్రం నిర్ణయించుకోండి, డాలస్‌లో కూర్చుని కాదు. వెళ్తే లాబ్‌స్టర్ సాయంత్రం నాలుగు లోపే రెస్టారెంటుకు చెప్పేయాలి, ఆయిల్ డ్రమ్ములు కోసి చేసిన పొయ్యిల మీద కాలుస్తారు. వెళ్లలేకపోతే ఏమీ పోలేదు.

తిరుగుదారిలో గాలి వీపున పెట్టుకుని జోస్ట్ వాన్ డైక్ దీవి. అక్కడి వైట్ బేలో సాగీ డాలర్ బార్‌కు పడవ కట్టే ధక్కా లేదు, ఈదుకుంటూ వెళ్తారు, జేబులో నోట్లు తడుస్తాయి, పేరు అలా వచ్చింది. రమ్ము, పైనాపిల్, నారింజ రసం, కొబ్బరి మీగడ, పైన జాజికాయ పొడి వేసే పెయిన్‌కిల్లర్ అక్కడిదే. పగలు సెయింట్ థామస్ నుంచి వచ్చే స్పీడు బోట్లతో జాతరలా ఉంటుంది, పొద్దున్నే వెళ్లొచ్చేయండి. శీతాకాలంలో ఎక్కడో ఉత్తర అట్లాంటిక్‌లో తుపాను లేస్తే రెండు మూడు రోజుల తర్వాత దాని పొంగు ఇక్కడికొస్తుంది. గాలి లేకపోయినా వైట్ బే, టోర్టోలాలోని కేన్ గార్డెన్ బే, బాత్స్ మూడూ అల్లకల్లోలంగా ఉంటాయి. గాలి ఒక్కటే చూసి ఉత్తరపు పొంగు చూడనివాళ్లు రాత్రంతా మంచం పట్టుకుని కూర్చుంటారు.

రాత్రి బసకు ఎక్కువ చోట్ల మూరింగ్ బోయాలే, రాత్రికి 40 డాలర్ల పైమాట. కొన్నింటిని ఆ రోజు ఉదయం ఏడింటికి యాప్‌లో పట్టుకోవచ్చు, మిగతావి ముందొచ్చినవాళ్లవి. ఆర్టీసీ బస్సు సీటు మీద కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, కొందరు డింగీని ముందే పంపి బోయాకు కట్టేయిస్తారు. అది ఇక్కడ ఒప్పుకోరు, తగాదాలవుతాయి. మధ్యాహ్నం రెండింటికల్లా చేరేట్టు రోజు వేసుకోండి. కంపెనీలు చీకటి పడ్డాక ప్రయాణం ఎలాగూ ఒప్పుకోవు. బోయాకు కట్టేటప్పుడు రెండు తాళ్లు వాడండి, ఎడమ కొస నుంచి వెళ్లింది ఎడమకే, కుడిది కుడికే తిరిగి రావాలి. ఒకే తాడు ఈ కొస నుంచి ఆ కొసకు వేస్తే పడవ ఊగినప్పుడల్లా రాసుకుని తెల్లారేలోపు తెగొచ్చు.

పిల్లలకు రెండే కట్టుబాట్లు, కానీ గట్టివి. పడవ కదులుతుంటే పెద్దవాళ్లు పక్కన లేకుండా వల మీదికి వెళ్లకూడదు. చీకటి పడ్డాక ఒంటరిగా డెక్ మీదికి రాకూడదు. ఆరేళ్ల పాపకు సరిపోయే లైఫ్‌జాకెట్ ఇంటి దగ్గరే కొని, కమ్యూనిటీ పూల్‌లో వేసి చూడండి, అక్కడిచ్చేవి గడ్డం దాటి పైకొస్తాయి. నిజంగా దెబ్బలు తగిలేది డింగీ దగ్గర. ఇంజిన్ ఆపే ఎర్ర తాడు నడిపేవాడి చేతికి ఉండాల్సిందే, నీళ్లలో మనిషి ఉంటే ఇంజిన్ ఆపాల్సిందే, తాగినవాడు నడపకూడదు. అత్యవసరమైతే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్, ఫోన్‌లో 767 కొడితే విసార్ అనే స్వచ్ఛంద రక్షణ బృందం పలుకుతుంది. ఆ నంబరు ఈత రానివాళ్ల ఫోన్లలో కూడా ఉండాలి, పడవలో మిగిలేది వాళ్లే.

తిండి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నేనైతే దీనికో పూట కేటాయిస్తాను. ఒడ్డున ఒక్కొక్కరికి 40, 50 డాలర్లు అయ్యే భోజనంలో శాకాహారికి ఫ్రైస్, సలాడ్ మిగులుతాయి. రోటీ దొరికితే వదలకండి. ట్రినిడాడ్‌కు కూలికెళ్లిన మనవాళ్లు తీసుకెళ్లిన వంట అది, శనగల కూర పొట్లంగా చుట్టి ఇస్తారు. మిగతా పూటలు పడవలోనే. బియ్యం, ఉల్లి, టమాటా, బంగాళదుంప, పెరుగు, శనగలు రోడ్ టౌన్‌లోని రైట్‌వే సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు గుజ్జు, పోపుసామాను, కందిపొడి, సీలు వేసిన ఆవకాయ ఇంటినుంచి తీసుకెళ్లండి. పచ్చి కరివేపాకు వద్దు, వ్యవసాయ తనిఖీలో గొడవ. ఇండియా మిక్సీ 230 ఓల్టులది, పడవలో ఉండేది 110, ఊరికే మోయకండి.

మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ మాత్రం తప్పకుండా. గ్యాసూ నీళ్లూ రెండూ కలిసొస్తాయి. నీళ్లే అసలు సంగతి. ట్యాంకులో ఆరేడు వందల లీటర్లుంటాయి, ఎనిమిది మంది మామూలుగా స్నానాలు చేస్తే మూడో రోజుకు అడుగు కనపడుతుంది. అంట్లు ముందు సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో కొంచెం మంచినీళ్లతో తొలవాలి. స్నానం వెనక మెట్ల మీద, సముద్రంలో మునిగి, పైన చెంబెడు మంచినీళ్లు. సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే వాటర్‌మేకర్ ఉన్న పడవ దొరికితే పైన కొంత డబ్బు పోయినా తీసుకోండి. టాయిలెట్‌లో కాగితం వేయకూడదు, ఈ మాట పిల్లలకు మొదటి గంటలోనే చెప్పండి. మూసుకుపోతే బాగుచేసే పని ఎవరికీ ఇష్టం ఉండదు.

చేపలు పట్టాలంటే పరాయివాళ్లకు లైసెన్సు కావాలి. పట్టినా బారకూడా తినకండి. రీఫ్ చేపల్లో సిగ్వాటెరా అనే విషం ఉండొచ్చు, వండితే పోదు. ఒడ్డున చిన్న ఆపిల్ లాంటి పచ్చని కాయలున్న చెట్టు కనిపిస్తే పిల్లల్ని దూరంగా ఉంచండి. అది మాంచినీల్, వానలో దాని కింద నిలబడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది. కొన్నిచోట్ల మానుకు ఎర్ర పట్టీ వేస్తారు.

కడుపులో తిప్పేవాళ్లు మెక్లిజైన్ లాంటి మాత్ర ముందు రాత్రే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక అది లోపల నిలవదు. పిల్లల మోతాదు డాక్టర్ని అడగండి. సూట్‌కేసులు వద్దు, పెట్టే చోటుండదు, మడిచేసే బట్ట సంచులు తెచ్చుకోండి. సన్‌స్క్రీన్‌లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ లేనిది కొనండి, 2020 నుంచి అమెరికా వర్జిన్ ఐలాండ్స్‌లో అవి నిషేధం. అటు మీదుగా వెళ్తే ఆ నిషేధం మీకూ వర్తిస్తుంది.

దారి రెండు రకాలు. 2023 నుంచి మయామీ నుంచి బీఫ్ ఐలాండ్ విమానాశ్రయానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ నేరుగా వేస్తోంది, డాలస్ నుంచి ఒక్క మార్పు. లేదా సెయింట్ థామస్‌కు చవక టికెట్టు, అక్కణ్ణించి గంట ఫెర్రీ. ఫెర్రీలు సాయంత్రానికి ఆగిపోతాయి, విమానం ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే. ఏదైనా సరే, పడవ అందుకునే రోజుకు ఒక రోజు ముందే చేరండి. ఏడుగురి సామానూ ఒకేసారి దిగుతుందని అనుకోవద్దు.

వెనక్కొచ్చేటప్పుడు ఆఖరి రాత్రి రోడ్ టౌన్‌కు గంటన్నర దూరంలోనే ఉండండి. పడవను మధ్యాహ్నం లోపే అప్పగించాలి, అంతకుముందు డీజిల్ నింపాలి, డింగీ, యాంకరు, స్నార్కెల్ సామాను లెక్క చూస్తారు. తీసుకున్న రోజే ప్రతి గీతకూ గీరుకూ ఫోన్‌లో వీడియో తీసి ఉంటే ఆ లెక్క త్వరగా తేలుతుంది. డిపాజిట్‌లో ఎంత కోస్తారన్నది ఆ వీడియోను బట్టే. ఆ రోజు విమానం సాయంత్రం నాలుగు తర్వాతిది కొనండి. సెయింట్ థామస్ మీదుగా అయితే మర్నాటిది. కోట్ వచ్చాక పడవ మోడల్, తయారైన ఏడాది, డిపాజిట్ షరతులు ఇక్కడ రాయండి, సంతకం పెట్టే ముందు చూసి చెప్తాను.